మేడ మీద విజయప్ప

ఆర్కిడ్ల షెడ్డులో పనికని వచ్చినాయన
సూలిబెలె రోడ్డులో మా మేడ మీది గది
అద్దెకు తీసుకుని ఏడాదిన్నర.
పేరు విచై అన్నాడు.
మా అత్త మునెమ్మ రెండోసారి అడగనే లేదు,
గేటు దాటేలోపే విజయప్పను చేసేసింది.

థాయిలాండు అంటే ఆమెకు
హొసకోట దాటి, విమానాలు దిగే చోటు దాటి, ఇంకేదో దాటి.
"అక్కడా వరి పండుతుందంట" అన్నాను.
"పండితే ఇక్కడికెందుకు?" అంది.
మా రాగిచేను సైట్లయిపోయి
మా ఆయన నర్సాపుర ఫ్యాక్టరీకి బస్సెక్కిన పొద్దున
ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మొదటి నెల తగవంతా ఒక సీసా గురించి.
చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన నీళ్ళు.
మూత తీస్తే వాసన మెట్లు దిగి
నేరుగా దేవుడి మూలకొచ్చి కూర్చునేది.
అత్త ఊదొత్తులు రెండు ఎక్కువ వెలిగించి
పైకి చూసి గట్టిగా దగ్గేది.
అతనేమనుకున్నాడో, మరునాడు
దగ్గుమందు తెచ్చిచ్చాడు,
రెండు చేతులూ జోడించి.

చేతులు జోడించడం అతనికో జబ్బు.
నీళ్ళ ట్యాంకరు డ్రైవరుకి,
గ్యాసు బండ మోసుకొచ్చే పిల్లాడికి.
బస్సు కండక్టరొకడు తిరిగి దణ్ణం పెట్టి
టిక్కెట్టివ్వడం మరిచిపోయాడు.

తెలుగు నా దగ్గర, కన్నడం బస్సులో.
శెట్టి అంగడిలో పాలు అడగబోయి పళ్ళన్నాడు,
డజను అరటిపళ్ళతో తిరిగొచ్చాడు.
నవ్వితే కోపం రాదు.
"మా భాష ఇంకా కష్టం" అన్నాడు.
అక్కడ మా అంటే రా అంట.
అదే మాటను దించి ఎత్తితే కుక్క.
ఇంకా పై నుంచి పలికితే గుర్రం.
మా వీధి కుక్కను మెట్ల మీంచి
"మా, మా" అని పిలిస్తే
తోకాడిస్తూ ఎక్కిపోయేది.
రమ్మన్నాడో, కుక్కా అన్నాడో,
మాదే అన్నాడో, దానికేం తేడా.

తేడా మాకే.
మా ఇల్లంటే నువ్వు లేనిది,
మన ఇల్లంటే నువ్వూ ఉన్నది అని
ఒక ఆదివారం అనపకాయలు ఒలుస్తూ చెప్పాను.
నోటుబుక్కులో రాసుకున్నాడు.
రాసుకుని, పెన్ను ఆపి,
"అమ్మ నాతో ఎప్పుడూ మా" అన్నాడు.
మా బోరు, మా మెట్లు, మా కరెంటు.
నిష్ఠూరంగా కాదు, చిల్లర లెక్క చూసినట్టు.
నేను అనపకాయల్లో పురుగులు వెతికాను.

ఆ లెక్క నాకూ తెలుసు.
అయిదు తరాలుగా ఈ మట్టిలోనే ఉన్నాం.
ఫారం మీద ఇంటి భాష తెలుగని రాస్తే
"ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?" అంటాడు గుమస్తా.
మా తాత సమాధి ఆ ఆఫీసు కంటే పాతది.

మొన్న వానలో కానిస్టేబులొచ్చాడు,
కాగితాల విచారణకి.
గేటు దగ్గరే బండి మీద కూర్చుని
విదేశీ ఎలాంటివాడని అడిగాడు.
విచై షెడ్డులో, మా ఆయన డ్యూటీలో.
నేను కొంగు సర్దుకునేలోపల
అరుగు మీంచి మా అత్త,
"ఎవరు, విజయప్పా? మనోడే పోప్పా!
బోరు మోటారు కాలిపోతే పైకి లాగిందెవరు మరి?"
అంతటితో ఆగక, వాడికర్థమయ్యేట్టు "నమ్మోనే" అని,
తడుస్తూ కూర్చున్నందుకు వాణ్నే తిట్టి
కాఫీ పెట్టమని నన్ను తరిమింది.

కన్నడంలో మాకూ మనకూ ఒకటే మాట.
అతను ఏది రాసుకున్నాడో.

సాయంత్రం ఇది చెబుదామని మెట్లెక్కాను.
గుమ్మంలో తడిసిన కుక్క,
పొయ్యి మీద ఏదో ఉడుకుతూ,
పక్కన అదే సీసా, మూత తీసి.
"అక్కా, తిన్నావా?" అన్నాడు.
వాళ్ళ ఊళ్ళోనూ పలకరింపు అదేనంట.
లేదని ఎందుకన్నానో, కూర్చున్నాను.
చెప్పాల్సింది మరిచిపోయాను.

కింద మా అత్త గట్టిగా దగ్గింది.